గోడవారన నిలిపిన పక్

సాస్కటూన్, 9 నవంబర్ 1974

ప్రియమైన మెట్రో అన్నయ్యకు,

అమ్మ ఆలుగడ్డ కూరి చేసి పంపిన పెరోగీలు అందాయి. గదిలో వాళ్లు నాకు నాలుగే మిగిల్చారు. నా ఐస్ హాకీ ఆటే బాగోలేదు. గోడవారన పక్, ఆ నల్ల రబ్బరు బిళ్ల, నా కర్రకి తగిలిందంటే చాలు, ఎవడో వెనక నుంచి మీద పడతాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడవు, ఎటో కొట్టేస్తాను. "ఒరెస్ట్, అది పక్కురా, పొయ్యిలో బొగ్గు కాదు!" అని కోచ్ అందరి ముందూ అన్నాడు. రెండు ఆటలుగా బెంచీ మీదే ఉన్నాను. నువ్వైతే ఏం చేసేవాడివి?

నీ తమ్ముడు,
ఒరెస్ట్

కనోరా, 17 నవంబర్

ఒరేయ్ ఒరెస్ట్,

వాడొస్తుంటే పారిపోకు. నీ వీపు వాడికి పెట్టు, పక్‌ని నీ కాళ్లకి అవతల ఉంచు. మోకాళ్లు వంచి వాడి బరువు తుంటి మీద ఆనించుకో. వాడు ఎటు నెడితే అటే తిరుగు. తల మాత్రం దించకు. మనవాడు ఖాళీగా కనబడేదాకా ఉంచు, కనబడగానే ఇచ్చెయ్. నా మోకాలు పాడవకపోతే నేనే వచ్చి నిన్ను గోడకేసి నొక్కి మరీ నేర్పేవాణ్ణి.

మీ అన్న,
మెట్రో

సాస్కటూన్, 12 జనవరి 1975

ప్రియమైన అన్నయ్యా,

పనిచేసింది! శనివారం ఆఖరి నలభై సెకన్లు, ఒక్క గోల్ ముందున్నాం. మూలన ఇద్దరు నా మీద పడ్డారు. "వదలరా, ఆలుగడ్డ మొహమా!" అని ఒకడు చెవిలో అరుస్తున్నాడు. వదల్లేదు. ఆట ముగిసిన బూర మోగేదాకా పక్ నా దగ్గరే ఉంది. ఇప్పుడు ప్రతి ఆటలోనూ మొదటి నుంచే నన్ను దింపుతున్నారు.

నీ
ఒరెస్ట్

కనోరా, 3 మార్చి

ఒరెస్ట్,

నిన్ను చూసి ఆసుపత్రి నుంచి వచ్చి మూడు రోజులైంది. ఆ ఆటలో తగిలిన దెబ్బకి నీకిక కాళ్లు కదలవని డాక్టరు చెబుతుంటే నేల చూస్తూ నిలబడ్డాను. నీతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. వాడికి వీపు పెట్టమన్నది నేను. ఉంచమన్నది నేను. అమ్మ నన్నేమీ అనలేదు, అనుంటే బాగుండేది. మళ్లీ వచ్చి నీ మొహం చూడలేను. క్షమించమని అడిగే మొహం కూడా లేదు.

మెట్రో

సాస్కటూన్, 11 మార్చి

ప్రియమైన అన్నయ్యా,

రాసేది నర్సు విల్మా, మాటలు నావి.

కనబడగానే ఇచ్చెయ్ అన్నావు. మా జట్టు లైల్ కనబడ్డాడు. ఖాళీగానే ఉన్నాడు, "ఇటు, ఇటు!" అని కర్రతో మంచు మీద కొట్టాడు కూడా. నేనే ఇవ్వలేదు. ఆ రోజు పెద్ద జట్టుకి ఆటగాళ్లని ఎంచే మనిషి ఒకాయన మమ్మల్ని చూడ్డానికొచ్చి పైమెట్ల మీద కూర్చున్నాడు. నేనెంతసేపు ఉంచగలనో ఆయన చూడాలనుకున్నాను. అందుకే ఇంకాస్త ఉంచాను. ఆలోపే వెనక నుంచి గుద్దారు.

ఈ మాట అమ్మకీ చెప్పలేదు, కోచ్‌కీ చెప్పలేదు. నీక్కూడా చెప్పకూడదనే అనుకున్నాను. కానీ నువ్వు దీన్ని నీ నెత్తిన వేసుకుంటే నేను భరించలేను.

ఆదివారం రా. మాట్లాడకపోయినా పర్లేదు, వచ్చి కూర్చో. పొద్దస్తమానం ఈ పైకప్పే చూస్తున్నాను.

చివర 'ప్రేమతో' అని రాయనా అంటోంది విల్మా. మా అన్న నవ్వుతాడన్నాను. అయినా రాయమన్నాను.

ప్రేమతో,
ఒరెస్ట్