కాలవ నీళ్ళూ, మీ కాలూ

నందివాడ,
ఆగస్టు 1934.

ప్రియమైన భర్తగారికి రూతు నమస్కరించి రాసే సంగతులు. ప్రభువు దయవల్ల అత్తమ్మ, మన పాప జీవరత్నం, నేను క్షేమం. ఈసారి ఆ మాట అలవాటుగా కాదు, నిజంగా రాస్తున్నాను. బందరులో అచ్చాఫీసు పనిలో పడి మీరు తిండి మానడం లేదు కదా?

మీరడిగిన వాటికి జవాబు: నాట్లు అయిపోయాయి. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. పాపకు మాటలు బాగా వస్తున్నాయి. "పిల్లకి ఐదేళ్ళు నిండేదాకా ఊళ్ళో అడుగు పెట్టను" అని రాశారే, అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఉత్తరాన్ని పొయ్యి దాకా తీసుకెళ్ళి, మనసొప్పక మళ్ళీ తెచ్చుకున్నాను.

మీరొచ్చినప్పుడల్లా పాపకు జ్వరం వచ్చిన మాట నిజమే. "వాడి కాలు పడితే పిల్లకి ఒళ్ళు కాలుద్ది" అని అత్తమ్మ నవ్వులాటకన్న మాటను మీరు సువార్తలా పట్టుకున్నారు. అసలు మీరు ఏ రోజుల్లో వస్తుంటారు? గుడివాడ దాకా రైలు, అక్కణ్ణించి పడవ. బండి కుదుపులకు మీ నడుము ఒప్పదు. వేసవిలో కాలవ కట్టేస్తే పడవలు ఆగిపోతాయి, మీరూ ఆగిపోతారు. కాలవ వదిలితే పడవలొస్తాయి, మీరూ వస్తారు. అవే నీళ్ళు చేలకూ గుంటలకూ చేరి దోమలు లేస్తాయి. ఆ రోజుల్లో ఎదురింటి మార్తమ్మ పిల్లలకూ జ్వరమే. వాళ్ళ నాన్న ఏడాది పొడుగునా ఇంట్లోనే ఉంటాడు. మరి ఆయన కాలు ఎప్పుడు పడ్డట్టు? ఆ నీళ్ళే మిమ్మల్నీ తెచ్చాయి, జ్వరాన్నీ తెచ్చాయి. ఒకే పడవలో దిగినంత మాత్రాన ఇద్దరూ చుట్టాలవుతారా?

ఇక దాచిన మాట చెబుతున్నాను, కోప్పడకండి. ఈ ఏడు కాలవ వదిలాక పాపకు మళ్ళీ జ్వరం వచ్చింది, గట్టిగానే. మీ నీడ కూడా ఇక్కడ పడలేదు. వణుకుతూ "నాన్న, నాన్న" అని కలవరించింది. అంత దూరాన ఒక్కరూ బెంగపడతారని అప్పుడు రాయలేదు. గుడివాడ నుంచి క్వినైను తెప్పించి వేశాం. ఇప్పుడు లేచి తిరుగుతోంది, చేపల పులుసు కావాలని పేచీ పెడుతోంది. ఆ జ్వరంలో మంచం పక్కనుంచి కదలని అత్తమ్మ, "నా నోరు పడిపోను, వాణ్ణి రమ్మని రాయవే రూతూ" అని ఏడ్చింది.

పడవలు నడుస్తున్నాయండీ. నాకు మిమ్మల్ని చూడాలని ఉంది. జ్వరం మీరు రాకపోయినా వచ్చింది. మీరే రాలేదు.

ఇట్లు,
రేవు వైపే చూస్తున్న మీ భార్య,
రూతు