హాల్లో అక్క పరుపు

జూన్ 4
పాటలు వినే నా పాత ఆంప్లిఫయర్ నెలన్నరగా రిపేరులోనే ఉందంటే షాపాయన కొత్తది ట్రయల్‌కి ఇచ్చాడు. కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుని వినండి సార్, నచ్చకపోతే తెచ్చెయ్యండి అన్నాడు. దాని ధర కారు ధర. అంత పెట్టొచ్చో లేదో నేనే తేల్చుకోవాలి. అందుకు నిశ్శబ్దం కావాలి. ఇంట్లో అదొక్కటే లేదు.

జూన్ 5
అక్క వచ్చి నెలయింది. బావ ఆమెతో నోరు విప్పి రెండేళ్ళవుతోందట. ఉప్పు కావాలన్నా కాగితం మీద రాసి పెడతాడట. గోడలతో కాపురం చెయ్యలేనురా అంటూ తన దూది పరుపు చుట్టుకుని వచ్చేసింది. ఉండమన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ ఆ పరుపు పగలంతా నా స్పీకర్ల ఎదుటి గోడకి ఏనుగు పిల్లలా జారబడి ఉంటుంది. ఇక అక్క, రెండేళ్ళ మాటలూ ఇక్కడే ఖర్చు పెడుతోంది. సరిగ్గా వయొలిన్ ఎత్తుకునే చోట పక్కింటి పిల్లి సంగతి మొదలెడుతుంది.

జూన్ 7
ఆంప్ అద్భుతం. మనిషి ఎదురుగా నిలబడి పాడుతున్నట్టే ఉంది. పాతదాంట్లో ఇది ఎప్పుడూ వినలేదు. బ్యాంకు లోన్ సంగతి కనుక్కున్నాను.

జూన్ 8
అక్కా, కాసేపు నోరు మూసుకుంటావా అన్నాను. మూసుకుంది.

జూన్ 9
ఆఫీసు నుంచి వచ్చేసరికి అక్క లేదు, పరుపూ లేదు. వంట చేసి మూతలు పెట్టి వెళ్ళింది. ఫోన్ చేస్తే బావ దగ్గరకే వచ్చేశానంది. ఇక్కడ మాట్లాడేవాళ్ళు లేరు గానీ, నోరు మూసుకోమనేవాళ్ళూ లేరురా అంది. కోపంగా కూడా అనలేదు. నాకే ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు.

జూన్ 10
నిశ్శబ్దం దొరికింది. పాట పెట్టాను. చెత్తగా ఉంది. రేకు డబ్బాలోంచి పాడుతున్నట్టుంది. షాపాయనకి ఫోన్ చేసి తిట్టినంత పని చేశాను. ఓపిక పట్టండి సార్, లేదా మంచి కేబుల్ వేసి చూడండి అన్నాడు. కేబుల్ ధర స్కూటర్ ధర.

జూన్ 12
పాత ఆంప్ రిపేరు నుంచి వచ్చింది. అదీ అంతే చెత్తగా మోగింది. మార్చి మార్చి విన్నాను. చచ్చినా ఒక్క తేడా పట్టుకోలేకపోయాను. హాల్లో మారింది ఆ ఎదుటి గోడొక్కటేనని తట్టి, తిక్కరేగి నా మంచం మీది పరుపు లాక్కొచ్చి, అక్క పరుపు ఉన్నచోట నిలబెట్టాను. ఎదురుగా పాడే మనిషి సగం తిరిగొచ్చాడు. రెండు ఆంపుల్లోనూ. నాది పల్చటి ఫోమ్, అక్కది నిండు దూది. ఏది కొనాలో, ఏది కొనకూడదో ఊరందరికీ సలహాలిచ్చే చెవులు నావి. సిగ్గేసింది.

జూన్ 12, సాయంత్రం
కొత్త ఆంప్ వెనక్కిచ్చేశాను. ఇంటికి రాగానే అక్కకి ఫోన్ చేశాను. రమ్మందామనే చేశాను. నోట్లోంచి ముందు పరుపు సంగతే వచ్చింది. ఎదుటి గోడ, ప్రతిధ్వని, దూది మందం, అన్నీ వివరంగా చెప్పాను. అదే క్షమాపణ అనుకున్నాను కాబోలు. అక్క అంతా విని, అంతేకదా, రేపు వ్యాన్‌లో పంపిస్తాలేరా అంది. ఎలా ఉన్నావని అడగలేదని ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది.

జూన్ 13
పరుపు వచ్చింది. ఎక్కడ దించమంటారని వ్యాన్ డ్రైవర్ అడిగాడు. దించొద్దు, బండి అక్క దగ్గరకే వెనక్కి తిప్పమన్నాను. ముందు సీట్లో నేనూ ఎక్కాను.