కట్ట నిలిచింది, ఒడ్డు పోయింది

అమ్మాయికి,

నా రాత కోడి గీకినట్టుంటుంది, తప్పులుంటే సర్దుకుని చదువుకో. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ పనిలో, వాగు అడుగు కోతపడకుండా వాగుకు అడ్డంగా మేం కట్టిన రాతికట్ట మొన్నటి వరదకు చెక్కుచెదరలేదు. నీళ్లు మాత్రం కట్ట చివర చుట్టూ తిరిగి ఒడ్డును కోసేశాయి. "కట్ట భేషుగ్గా ఉంది పెద్దాయనా, వాగే అలిగి పక్కకెళ్లింది" అని మేస్త్రీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మన పెరటి వెనక వాగులో నేను కట్టిందీ అలాంటిదే. మీ అమ్మ పెంచిన నిమ్మచెట్టు వేళ్లు తెగుతాయని, ఆ కట్ట చివరను ఒడ్డులోకి దించకుండా ఆపేశాను. అక్కడ వరద రాకముందే చెట్టు తీయించి, రెండు బారలు లోపలికి తవ్వించి రాళ్లు పేర్పించు. లేకపోతే ఒడ్డు కోసుకుపోయి వంటిల్లు వాగులోకి జారుతుంది. మీ అమ్మకు చెప్పే ధైర్యం నాకు లేదు, నువ్వే చెప్పు. ఆవిడ మోకాలు ఎలా ఉంది? పిల్లలకు దీవెనలు. అమ్మ ఏమందో వెంటనే రాయి. తిడితే తిట్టినట్టే రాయి.

నాన్న