నాలుక మీద ఇనుము రుచి

బావకు,

రాధ నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ అత్తమ్మ, పాప, నేను బాగానే ఉన్నాము. మస్కట్‌లో ఎండలు ముదిరాయని విన్నాము, నీ ఒంట్లో ఎట్లా ఉంది? నాకు విరిగింది ఎడమ చెయ్యే కనుక రాయగలుగుతున్నాను. వేళ్ళు కదులుతున్నాయి, బిందె మాత్రం ఇంకా ఎత్తలేను. మల్లేష్ శనివారం మస్కట్ బయలుదేరుతున్నాడు. మామిడికాయ తొక్కుతో పాటు ఈ ఉత్తరం కూడా అతనికే ఇస్తున్నాను. ఫోన్లో చెప్పవచ్చు కదా అంటావు. నీ రూములో మన మాట అందరికీ వినపడుతుంది. పైగా సగంలోనే నీకు కోపం వస్తుంది, మిగతాది చెప్పనివ్వవు.

సూది వేసే ముందు మత్తు డాక్టరమ్మ నాకేమైనా చెప్పిందా అని పోయినసారి అడిగావు. జవాబు రాసే ముందు ఆ రోజు సంగతి మొదటి నుంచి చెప్తాను. నువ్వు చూసింది వీడియో ముక్క మాత్రమే.

మార్కెట్ యార్డులో పనిచేస్తుంటే పసుపు బస్తా జారి నా మణికట్టు మీద పడ్డ సంగతి నీకు తెలుసు. ఎముకకు ప్లేటు వెయ్యాలన్నారు. మత్తు ఇవ్వడానికి వచ్చిన హిమబిందు మేడం చిన్న వయసు మనిషి. చెయ్యి ఒక్కటే మొద్దుబారేటట్టు మెడ పక్కన సూది వేసింది. కాసేపటికి నాకు ఫిట్స్ వచ్చాయట, గుండె ఆగిందట. ఇదంతా తర్వాత నర్సు ఎస్తేరమ్మ చెప్పింది. మేడం నా ఛాతీ అదుముతూనే, పాలలాగా తెల్లగా ఉండే మందు నరానికి ఎక్కించమన్నదట. సోయా నూనెతో చేసిన మందట అది. కాసేపటికి గుండె మళ్ళీ కొట్టుకుంది.

మర్నాడు మేడం నా మంచం దగ్గరికి వచ్చింది. బుగ్గ వాచి ఉంది.

"పసుపు ఏరినంక చేతులు వట్టి నీళ్లతోని కడిగితె రంగు పోతదా?" అని అడిగింది.

"పోదు మేడం. నూనె రుద్దాలె."

"గంతే. మొద్దుబారెటందుకు ఇచ్చిన మందు నరంలకు జారి నీ గుండెను పట్టుకున్నది. దానికి గుడ నూనెతోనే పొత్తు. నూనె మందు ఎక్కిస్తె గుండెను ఇడిచి దాని ఎంబడి పోయింది." తర్వాత మెల్లగా అడిగింది, "ఫిట్స్ రాకముందు నీకేమన్న తెలిసిందా?"

నేను లేదని తల ఊపాను. ఆమె మీద పెట్టిన కేసులో పోలీసులు అడిగినప్పుడు, సూదికి ముందు ఆమె నాకేమీ చెప్పలేదన్నాను.

ఇప్పుడు నిజం రాస్తున్నాను. ఆమె చెప్పింది, బావా. సూది పట్టుకునే ముందే చెప్పింది. "చెవుల గుయ్యిమన్నా, నోట్ల ఇనుము రుచి తగిలినా నాకు జల్ది చెప్పు." మందు పోతుండగానే చెవులు మోగాయి. నాణెం నాకినట్టు నాలుక మీద ఇనుము రుచి తగిలింది. అప్పుడే ఆమె అడిగింది, ఎట్లున్నది రాధా అని. మంచిగనే ఉన్నదన్నాను. ఆమె ఇంకొంచెం మందు ఇచ్చింది.

ఎందుకు దాచానో నీకు చెప్పనక్కరలేదు. మా అమ్మ గర్భసంచి ఆపరేషన్‌కు పూర్తి మత్తులోకి పోయి మళ్ళీ కళ్ళు తెరవలేదు. నీ మేనత్త శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు నువ్వూ ఉన్నావు. ఈ సూది పనిచెయ్యదంటే నన్ను కూడా అట్లాగే పడుకోబెడతారని భయపడ్డాను. చివరికి ప్లేటు నిజామాబాద్‌లో పూర్తి మత్తు ఇచ్చే వేశారు. నాకేమీ కాలేదు.

మొన్న స్టేషన్‌కు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎస్సై చాలాసేపు కోప్పడ్డాడు. కేసు మూసేస్తామన్నారు. నీ తమ్ముడు గంగాప్రసాద్ నాతో మాట్లాడడం లేదు. దవాఖానకు పోతే మేడం లేదు, గొడవైన వారానికే ఆమెను ఇక పనికి రావద్దన్నారట. ఎస్తేరమ్మ దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాను. అంతా చెప్పి ఏడ్చాను.

"నువ్వు చెప్పకున్నా కనిపెట్టుడు నా పనే," అన్నది మేడం. "గని రాధా, నీ గుండె మల్ల కొట్టుకుంటే నాకు మస్తు సంబరమైంది. గదే చెప్దామని మీవోళ్ల దగ్గరికి ఉరికొచ్చిన."

అప్పుడే ప్రసాద్ ఆమెను కొట్టాడు. వీడియోలో నువ్వు చూసింది అదే. మళ్ళీ మన ఆర్మూర్ దవాఖానకు రమ్మని అడిగాను. రానన్నది.

ఆ వీడియోను నువ్వు అక్కడి మనవాళ్ళ గ్రూపులన్నిటికీ పంపావు కదా. ఇప్పుడు తీసేసినా చూసినవాళ్ళు మర్చిపోరు. అందుకే నువ్వే వాళ్ళకు చెప్పు. గా డాక్టరమ్మ నా భార్యను బతికించింది, నా భార్యే అబద్ధమాడింది అని చెప్పు. నా పేరు పెట్టే చెప్పు.

ఇట్లు,
నీ మేనత్త బిడ్డ,
రాధాబాయి