గోడలో దాచిన గొట్టాలు

ఇంటిదానికి,

ముసురు పట్టి నాలుగు రోజులైంది. బడి ప్రహరీ పని ఆగిపోయింది. తడిగోడ మీద ఏం పూసినా నిలవదు కనక ఇంట్లోనే ఉన్నాను. ఆ ఖాళీలో మన స్నానాలగదికి గీజరు పెట్టాను. అంతా అయ్యాక చెబుదామనుకున్నాను. అవలేదు కాబట్టి చెబుతున్నాను.

మొన్న సెలవుకి వచ్చినప్పుడు నువ్వు చన్నీళ్లే పోసుకున్నావు. పొయ్యి మీద కాచి ఇస్తానంటే వద్దన్నావు. మూడు రోజులుంటానని వచ్చినదానివి రెండో రోజే బయలుదేరావు. హాస్టల్లో నీ బదులు వంటకి మనిషి లేదన్నావు. నువ్వెళ్లాక ఆ నీళ్లలో చెయ్యి పెట్టి చూశాను. వేళ్లు కొంకర్లు పోయాయి. పొద్దస్తమానం పొయ్యి దగ్గర నిలబడి మోకాళ్లు పట్టేసిన మనిషికి ఇంట్లో కాసిని వేణ్ణీళ్లు లేకపోతే ఎందుకుంటుంది అనుకున్నాను.

గొట్టాలు బయటికి కనబడితే నాకు నచ్చదని నీకు తెలుసు. గోడలోంచే వేశాను. కొలతల కోసం గీజరుని నేల మీద బోర్లా పడుకోబెట్టి, చన్నీళ్లు వెళ్లే నీలం గుర్తు ఎటుందో, వేణ్ణీళ్లు వచ్చే ఎర్ర గుర్తు ఎటుందో చూసి గోడ మీద గీసుకున్నాను. గోడ తొలిచి, గొట్టాలు పెట్టి, పూత పూసి, పైన టైల్సు పలకలు అంటించాను. తీరా ఎత్తి తగిలించాక చూస్తే కుడి ఎడమైంది. బోర్లా ఉన్నదాన్ని చూసి గీసిన గీత మరి. ఎటు వెళ్తే ఏం, నీళ్లు నీళ్లేగా అని బిగించేశాను. ట్యాంకు నిండి కుళాయి ధార కట్టాకే స్విచ్చి వేశాను. రెండు చెంబులు వేడిగా వచ్చాయి. మూడోది చల్లబడింది.

కరెంటాయన వచ్చి పలకల మీద వేలితో కొట్టి నవ్వాడు. "గోడ అద్దంలా ఉంది మేస్త్రీ. చన్నీళ్లు అడుగున చేరాలి, వేడివి పైనుంచి రావాలి. నువ్వు తిరగేశావు."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏముంది, రెండు పొడుగు గొట్టాలు తెచ్చి ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా బిగిస్తే సరి. నిలబడ్డపాటున అయిపోతుంది."

"కాళ్లు మెలేసుకున్నట్టుంటుంది. నాకొద్దు."

"ఎవరు చూస్తారయ్యా? ఆ టైములో కళ్ల నిండా సబ్బే కదా."

పలకలు పగలగొట్టడం మొదలుపెట్టాను. గొట్టాలు మార్చి మళ్లీ పూసి, అది ఆరాక కబురు పెడతాను.

ఇట్లు
నీ మేస్త్రి


మేస్త్రిగారికి,

ఉత్తరం అందింది. హాస్టలు పిల్లలు తిని వెళ్లారు, గిన్నెలు బోర్లించి రాస్తున్నాను.

నేను వచ్చేసింది చన్నీళ్లకి కాదు. ఇక్కడా చన్నీళ్లే. మనిషి లేదన్నది కూడా వంకే. ఆ వచ్చిన రోజు మీరు వంటింటి గట్టు సరిచేశారు. మర్నాడు గుమ్మం వంకర పోయిందని మట్టం పెట్టి కూర్చున్నారు. అన్నం తింటూ కూడా నా తల మీదుగా గోడకేసి చూశారు. పని పూర్తయ్యేదాకా ఎవర్నీ లోపలికి రానివ్వరు మీరు. ఊళ్లోవాళ్ల ఇళ్లకి అది మంచి పద్ధతే. మనింట్లో నేను కూడా పూత ఆరేదాకా బయట నిలబడాలా?

ఇక్కడ గది ఇచ్చి పర్మనెంటు చేస్తామంటున్నారు. నెలాఖరులోగా ఔనో కాదో చెప్పాలి. మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. నీలం గుర్తు ఉంది, ఎర్ర గుర్తు ఉంది. రమ్మని మాత్రం ఎక్కడా లేదు. నాకు రావాలనే ఉంది. పడుకుంటే మనింటి చూరు నీళ్లు చెవిలో పడుతున్నట్టే ఉంటుంది. కానీ పిలవనిదే ఎలా రాను?

ఇట్లు
మీ ఇంటిది


మరదలికి,

ఇక్కడ తెరిపి ఇచ్చింది. బట్టలు ఆరేసి వచ్చి రాస్తున్నాను. నీ ఉత్తరం బుధవారం వచ్చింది. నేను అన్నం పట్టుకెళ్లేసరికి తమ్ముడు ఉలి పక్కన పడేసి, పగిలిన పలకల మధ్య కూర్చుని చదువుతున్నాడు. ఏమైందిరా అంటే కాగితం నా చేతిలో పెట్టాడు. నీ ఉత్తరం వాడు ఎవరికైనా చూపించడం ఇదే మొదలు. ఏమనుకోకు.

"ఏం చెయ్యనక్కా?" అన్నాడు.

"నన్నడుగుతావేం, ఆ గోడనే అడుగు" అన్నాను. నవ్వలేదు.

సాయంత్రం కరెంటాయన్ని తనే పిలుచుకొచ్చి అడ్డగొట్టాలు వేయించాడు. నేను పోసుకుని చూశాను. నీళ్లు ఒళ్లు చురుక్కుమనేలా వస్తున్నాయి. సగం గోడకి పలకలు లేవు, ఇటుకలు పళ్లికిలిస్తున్నాయి. వాడు దానికేసి చూడను కూడా లేదు. ప్రహరీ పని ఇంకో మేస్త్రికి అప్పజెప్పాడు.

"తీసుకొచ్చేస్తావా, నువ్వే అక్కడ ఉండిపోతావా?" అన్నాను.

"దాన్నే అడుగుతా."

నేను తాపీ, మట్టం వాడి సంచిలో పెట్టబోతే తీసి అవతల పెట్టాడు. తాళంచెవి నా దగ్గరుంది. తమ్ముడు శుక్రవారం పొద్దున మొదటి బస్సుకి బయలుదేరాడు.

నీ వదిన