స్పీకర్ ఫోన్ విడాకులు

జగిత్యాల,
18 జూన్ 2025.

మస్కట్‌లో ఉన్న రాకేశ్ అన్నకు చెల్లెలు సృజన నమస్కారాలు.

కోరుట్లలో అమ్మా నాన్నా క్షేమం. నేనూ ఇక్కడ బాగున్నానని రాయాలి, కానీ ఉన్నమాట చెప్పాలంటే కొన్నాళ్లుగా నాకు ఒళ్లు మండిపోతోంది. నువ్వేమో ఫోన్ ఎత్తవు. మెసేజ్ పెడితే చూసి ఊరుకుంటావు. అందుకే కాగితం మీద రాసి, సెలవు అయిపోయి మళ్లీ అక్కడికి వస్తున్న మేడిపల్లి సురేందర్ చేతికిచ్చి పంపుతున్నాను. అమ్మ పంపిన సకినాలు, మామిడికాయ తొక్కు కూడా అతని పెట్టెలోనే ఉన్నాయి. అవి తినేసి ఉత్తరం పక్కన పడేయకు.

లాయరువైతే నలుగురూ గౌరవిస్తారని నన్ను చదివించావు. గౌరవం సంగతేమో గానీ తిండి తిననివ్వడం లేదు. మొన్న ఒక పెళ్లిలో బంతిలో కూర్చుంటే పక్కనే ఐలవ్వ చిన్నమ్మ. పప్పు వడ్డించేలోగా మొదలుపెట్టింది, "బిడ్డకు పెండ్లి చేసి పంపినంక గూడ తాతల భూమిల వాటా ఉంటదా?" అని. ఉంటుంది చిన్నమ్మా, కొడుకుతో సమానంగా ఉంటుంది అన్నాను. "గట్లెట్ల ఉంటది? నీకు సరిగ తెల్వనట్టుంది, ఇంకో వకీలును అడుగుత" అని అటు తిరిగి పెరుగు వేయించుకుంది. బస్టాండుకు వస్తే లచ్చయ్య కాక. తెల్లకాగితం మీద రాయించుకుని పొలం కొన్నాడట, "ఊరంత సాచ్చెం ఉన్నది, ఇగ రిజిస్ట్రేషనెందుకు?" అంటాడు. కావాలి కాకా అంటే ముఖం మాడ్చుకున్నాడు. చట్టం ఏం చెబుతుందో ఎవరికీ అక్కర్లేదన్నా. వాళ్లు ముందే చేసేసిన పనికి నేను సరే అనాలి, అంతే.

ఇవన్నీ తిట్టుకుని మరిచిపోయేవే. మరిచిపోలేనిది ఒకటి వచ్చింది, దానికోసమే ఈ ఉత్తరం.

పోయిన వారం ఒకామె నా ఆఫీసుకు వచ్చింది. పేరు రాయను. సిరిసిల్లలో బట్టలు కుట్టే యూనిట్‌లో పని చేస్తోంది. సంచిలోంచి ఒక స్టాంపు కాగితం తీసి నా ముందు పెట్టి, "జర చూసి చెప్పు, గీ ఇడుపు కాయిదం చెల్లుతదా?" అని అడిగింది. మొగుడూ పెళ్లాలకు పొసగకపోతే మన దగ్గర కుల పెద్దలు కూర్చుని తెగదెంపులు రాయిస్తారు కదా, అదే.

ఆమె భర్త కూడా నీలాగే గల్ఫ్‌లో ఉంటాడు. పిల్లలు కాలేదని అత్తింట్లో మాటలు పెరిగి పంచాయతీ దాకా వచ్చింది. ఆయన రాలేదు. పెద్దమనుషులు ఆయనకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, చాప మధ్యలో ఉంచారట. "ఇడుపు నీకు సమ్మతమేనా?" అని అడిగితే, "మీరెట్లంటె గట్లనే" అని వినిపించి లైను పోయిందట. ఆయన సంతకం ఉండాల్సిన చోట ఆయన తండ్రి కొడుకు పేరు రాసి పెట్టేశాడు. కన్నతండ్రే కదా, ఎవరు పెడితే ఏమని పెద్దలు ఒప్పుకున్నారట. కింద నోటరీ ముద్ర కూడా ఉంది! అది వేసినవాడు ఎదురుపడితే నిలదీసి అడుగుదామనుంది.

ఇప్పుడు సిరిసిల్లలోనే సాంచెలు, అదే మరమగ్గాలు, నడిపే ఒకాయన, భార్య చనిపోయినవాడు, ఆమెను చేసుకుంటానన్నాడు. శ్రావణంలో ముహూర్తం అనుకున్నారు. కాగితం ఎందుకైనా మంచిదని వకీలుకు చూపించమన్నది ఆయనేనట.

చెల్లదని చెప్పాను. కొన్ని కులాల్లో ఆచారంగా వస్తున్న విడాకుల్ని చట్టం ఒప్పుకుంటుంది గానీ, ఆ ఆచారాన్ని కోర్టులో రుజువు చేయాలి. భర్త సంతకమే లేని కాగితంతో ఏం రుజువు చేస్తాం? ఆమె ఇంకా ఆయన భార్యే. ఇప్పుడు మళ్లీ పెళ్లి చేసుకుంటే అది చెల్లదు సరికదా, నేరం కూడా. ఆమె కాగితాన్ని తన వైపు తిప్పుకుని సంతకాల మీద వేలు పెట్టి చూసింది. తర్వాత, "నా సంతకం నేను పెట్టిన. ఆయన పెట్టలే. అంటే నేను ఇడిసినట్టు, ఆయన ఇడువనట్టా?" అని అడిగింది.

దారి లేకపోలేదు. తన బదులు కోర్టుకు వెళ్లే అధికారం ఇంకొకరికి ఇస్తూ ఆయన ఎంబసీలో పవర్ కాగితం మీద సంతకం చేసి పంపితే, ఇద్దరి సమ్మతితో కోర్టులో అర్జీ వేయొచ్చు. శ్రావణం దాటినా ఆగుతానని సాంచెలాయన అన్నాడట. కానీ ఈ భర్త ఆమె నంబరు బ్లాక్ చేశాడు. పెద్దమనుషుల దగ్గరికి వెళ్తే "కాయిదమైంది గదా, మా పానం తినకు" అని పంపించారట.

ఆ మనిషి మీద నాకెంత కోపంగా ఉందో చెప్పలేను. వద్దనుకున్నాడు, సరే. వదిలేయడానికి కూడా చేతులు రాకపోతే ఆమె ఏమైపోవాలి? నువ్వు న్యాయం తెలిసినవాడివి. నా చదువు కోసం ఆ ఎండల్లో ఓవర్‌టైము చేసినవాడివి. ఆయన స్థానంలో నువ్వుంటే సంతకం పెడతావా, పెట్టవా? నిజం చెప్పు.

ఒంట్లో జాగ్రత్త. మందులు మానకు.

నీ చెల్లెలు,
సృజన

తా.క.: పేరు ముందే రాస్తే మొదటి పేజీలోనే చింపేస్తావని రాయలేదు. ఈపాటికి గుర్తుపట్టే ఉంటావు. ఆమె పద్మ వదిన. మీ ఇద్దరి సంగతి కోర్టులో తేలిపోయిందని అప్పట్లో హైదరాబాద్‌లో ఉన్న నాకు ఇంట్లో చెప్పారు, నమ్మాను. నీ చెల్లెల్ని కాబట్టి ఆమె కేసు నేను తీసుకోలేదు, ఇంకో లాయరుకు అప్పగించాను. నువ్వు సంతకం పెట్టడానికి ఆ లాయరు రాసిచ్చిన పవర్ కాగితం దీనితోనే ఉంది.

నిన్న కోరుట్ల వెళ్లి నాన్నతో గొడవపడ్డాను. అప్పుడు బయటపడింది. ఆ రోజు లైను పోలేదట. "వాడు ఫోన్ల ఏడ్సుడు వెట్టిండు, నలుగుట్ల ఇజ్జత్ పోతదని నేనే కట్ చేసిన, సంతకం గూడ నేనే పెట్టిన" అన్నాడు. నీ మీద కోపం తగ్గలేదన్నా, ఎందుకు తగ్గాలి? అప్పుడు నోరు విప్పలేదు, ఇప్పుడు ఫోన్ ఎత్తవు. నువ్వు ఏడ్చిన సంగతి మాత్రం వదినకు చెప్పలేదు. చెబితే ఆమె నీకోసం ఆగిపోతుందేమోనని భయం.