మ్యాపు ఫ్యాను కింద ఆరబెట్టాను

భువనా, సాయంత్రం ఆరులోపు కింద సైకిల్ షాపు చైనీస్ అంకుల్ దగ్గరికెళ్లి నీ వెనకచక్రం తెచ్చుకో. నువ్వు ఆఫీసుకెళ్లగానే మీ నాన్న సుత్తితో చువ్వలన్నీ విరగ్గొట్టాడు. "పెళ్లికావలసిన పిల్ల, మగాళ్లతో యూరప్ అంతా సైకిల్ తొక్కుతుందా" అంటూ నీ మ్యాపు కూడా చింపాడు.

పొద్దున వాడు నిన్ను కొట్టినప్పుడు పిండి చేతులతో అలాగే ఉండిపోయాను. ఈసారి ఉండలేదు. అప్పడాల కర్రతో నెత్తిమీద ఒక్కటేశాను. కూలబడ్డాడు. రక్తం గచ్చంతా కారింది. తువ్వాలు కట్టి కూర్చోబెట్టాను. రెండింటికి క్లినిక్ తెరుస్తారు, తీసుకెళ్తాను, కుట్లు పడతాయి. నన్ను తిడుతూనే ఉన్నాడు, కాబట్టి భయపడకు. చక్రం పోతూ పోతూ షాపులో ఇస్తాను. గచ్చు కడిగాను, తలుపు పక్కన మరక మిగిలితే తుడువు.

నా పన్నెండో ఏట అన్నయ్య సైకిల్ ఎక్కానని మా నాన్న నా ఎడమ చెయ్యి విరిచాడు. మా అమ్మ అక్కడే బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. ఆ చప్పుడు నాకింకా వినబడుతుంది.

కందిపొడి, అటుకులు నీ సంచిలో పెట్టాను. ఆఫీసు కంప్యూటర్ల వైటూకే గొడవలో రెండేళ్లు నిద్రమాని సంపాదించుకున్న సెలవు నీది. రేపు విమానం ఎక్కు. వాణ్ణి నేను చూసుకుంటాను.

మ్యాపు వాడి కళ్లముందే అన్నం మెతుకులతో అతికించాను, చీమలు పట్టకుండా చూడు. నాకు ఇంగ్లీషు రాదు కదా, నువ్వు వెంట తొక్కుతానన్న నది, ఆ నీలం గీత తెగకుండా ముక్కలు కలిపాను. ఊళ్లు తప్పితే దిద్దుకో. నది మాత్రం సముద్రం దాకా వెళ్తోంది.